కర్ణధారస్తు? కర్ణధారశ్చ?

— అమరకోశంలో, అదే మన సంస్కృత పర్యాయపదాల నిఘంటువులో, నీటి మాటలుండే వారివర్గంలో ఒక పాదం పొద్దుటి నుంచి వదలడం లేదు. 'సాంయాత్రికః పోతవణిక్' దాకా బాగానే వస్తోంది. తర్వాత 'కర్ణధారస్తు నావికః' అనా, 'కర్ణధారశ్చ' అనా? నా నోటికి 'శ్చ' వస్తోంది.

— 'స్తు' అండీ. 'త్వంతాథాది న పూర్వభాక్', అంటే 'తు' చేరిన మాట ముందుదానితో కలవదని, అమరసింహుడు మొదట్లోనే చెప్పాడుగా. ఆ 'తు' అడ్డుగోడ. ఇవతల సరుకేసుకుని బేరానికెళ్ళే షావుకారు, అవతల ఓడ నడిపేవాడు. 'శ్చ' అంటే షావుకారు చేతికి చుక్కాని ఇచ్చినట్టే.

— 'స్తు' సరే. నా పట్టు తర్వాతి పాదం మీద: 'నియామకాః పోతవాహాః'. కర్ణధారుడు ఏకవచనం, వీళ్ళు బహువచనం. చుక్కాని ఒకడే పడతాడు, చాపకూ తాళ్ళకూ పదిమంది కావాలి. కళాసీలన్నమాట. వెంటనే 'కూపకో గుణవృక్షకః' అని తెరచాప కొయ్య వస్తుంది, చూడండి.

— నియామకుడంటే అదుపు చేసేవాడు కదా మాస్టారూ, కళాసి ఎలా అవుతాడు? సరంగు అనండి, ఒప్పుకుంటాను. కళాసీల మీద తండేలు, తండేలు మీద సరంగు.

— సరంగు పారసీ 'సర్‌హంగ్', దళనాయకుడు. చుక్కాని కూడా అరబ్బీ 'సుక్కాన్' నుంచే.

— చుక్కానిలో చుక్క లేదంటారా? రాత్రి చుక్కను చూసే కదా ఓడ తిప్పేది!

— ఊహ అందంగా ఉందమ్మా. కానీ మలయాళంలోనూ చుక్కానే. నాకు చివరి 'ని' మీద అనుమానం. అరబ్బీలో 'సుక్కానీ' అంటే దాన్ని పట్టే మనిషి. మనిషి పేరే మనకు కొయ్యకు అంటుకుందని నా నమ్మకం.

— శ్రీనాథుణ్ణి ఎవరూ తలవలేదే! హరవిలాసంలో సముద్ర వర్తకుడు అవచి తిప్పయసెట్టి కోసం 'కప్పలి జోంగు' అంటూ ఓడల రకాలు వరసపెట్టాడు. చదువుతుంటే కర్పూరం, కస్తూరి వాసన వస్తుంది. అసలైన సాంయాత్రికుడంటే ఆయనే.

— పద్యం గొప్పదే. ఇంతకీ నియామకులు కర్ణధారుడి కిందివాళ్ళా, పైవాళ్ళా? అమరానికి తెలుగు వ్యాఖ్య గురుబాలప్రబోధిక ఉన్నవాళ్ళు ఆ పుట పెట్టండి.

— వెతుకుతున్నాను. ఈలోగా 'అరిత్రం కేనిపాతకః' చూడండి. అరిత్రం చుక్కాని అంటారు. మరి ఋగ్వేదంలో 'శతారిత్రాం నావమ్' ఉందిగా, ఒక ఓడకు వంద చుక్కానులా? అక్కడ తెడ్డే అయ్యుండాలి.