అప్‌డేట్: రెండర్ టోకెన్ కొంటే జీపీయూలో వాటా వస్తుందా?

త్రీడీ బొమ్మల తయారీ పనిని ఇతరుల జీపీయూలతో (గ్రాఫిక్ కార్డులతో) చేయించే రెండర్ నెట్‌వర్క్‌కు రెండర్ అనే క్రిప్టో టోకెన్ ఉంది. అది కొన్నవారికి ఆ నెట్‌వర్క్‌లోని జీపీయూలలో వాటా ఉంటుందా అని లోగడ అడిగాను. ఓపికగా వివరించిన వారందరికీ కృతజ్ఞతలు. వాటా ఏమీ ఉండదు. అది ప్రధానంగా ఆ సేవకు చెల్లింపు సాధనం.

బెంగళూరు మారతహళ్లిలో యానిమేషన్ పని చేసే మా బావమరిది తన త్రీడీ సీన్‌ను ఆ నెట్‌వర్క్‌కు పంపి చూపించినప్పుడు, దాని ఫ్రేములు ఎవరెవరి గ్రాఫిక్ కార్డులకో పంపిణీ అయి, పూర్తయినవి ఒక్కొక్కటిగా తిరిగి రావడం కళ్లారా చూశాను. 2023లో ఈ టోకెన్ ఎథీరియం అనే బ్లాక్‌చెయిన్ (క్రిప్టో లావాదేవీలు నమోదయ్యే వేదిక) నుంచి సొలానా అనే మరో బ్లాక్‌చెయిన్‌కు మారాక అమలైన పద్ధతి ప్రకారం, పని ధరను డాలర్లలో లెక్కగట్టి, అందుకు సరిపడే టోకెన్లను బర్న్ చేస్తారు, అంటే శాశ్వతంగా చలామణీ నుంచి తొలగిస్తారు. కార్డులు నడిపేవారికి కొత్తగా మింట్ చేసిన (సృష్టించిన) టోకెన్లు ఇస్తారు. అందువల్ల నిజమైన గిరాకీ పెరిగి, బర్న్ అయ్యేవి మింట్ అయ్యేవాటిని మించినప్పుడే చలామణీలోని టోకెన్ల సంఖ్య తగ్గుతుంది. నా దృష్టిలో అసలు కీలకం ఇదే.

మన దేశంలో క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను, అమ్మకంపై 1 శాతం టీడీఎస్ ఉన్నాయి. ఒక టోకెన్‌లో వచ్చిన నష్టాన్ని మరొక దాని లాభంలో సర్దుకోనివ్వరు. ప్రస్తుతానికి కొనడం లేదు. నెలనెలా బర్న్ లెక్కలు మాత్రం గమనిస్తాను.