ఆటవెలదిలో ఈ ప్రాసయతి చెల్లుతుందా?

అన్నలూ అక్కలూ, మాది కడప. రెండు నెలలుగా ఆటవెలది పద్యంతో కుస్తీ పడుతున్నా. వేమన అంత అలవోకగా చెప్పినాడు కదా, మనకెంత అనుకున్నా, బుద్ధి తక్కువై. ఇప్పటికి తేలినవి మూడు పాదాలు:

కడప యెండలోన గరిగె నా పద్యమ్ము
గణము నిలువదాయె కాలు జారి
దోసె తినుచు మరల రాసితి నొక్కటి

మూడో పాదంలో ‘దో’కు ‘రా’తో యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) కుదరలేదు, కొట్టేయమంటాడు మా బామ్మర్ది. రెండో అక్షరాలు ‘సె’, ‘సి’ కలిసినాయి, వాటి ముందువి రెండూ గురువులే (దీర్ఘంగా పలికేవే), కాబట్టి ప్రాసయతి, అంటే యతికి బదులు రెండో అక్షరాల పొత్తు, అని నా వాదన. చెల్లుతుందా, లేదా? పందెం కారం దోసె మీద ఉంది.

నాలుగో పాదానికి ఐదు సూర్యగణాలు కావాల, అంటే ఒక్కోటి హగణమో (గురువు, లఘువు) నగణమో (మూడు లఘువులు) కావాల. పాదం మాత్రం రాసివ్వొద్దండి, పట్టుదల నాది! హగణంతో ఎత్తుకుంటే నడక బాగుంటుందా, నగణంతోనా, అంతవరకు చెప్పండి చాలు.