అలారం రిమోట్ పోయింది, కాపీ చేయించుకోవచ్చా?

ప్రశ్న:
మా ఇంటి అలారానికి ఉన్న రెండు రిమోట్లలో ఒకటి పోయింది. 433 మెగాహెర్ట్జ్‌వి. తాళాల షాపులో ఉన్నదాన్ని చూసి కాపీ తీసిస్తామంటున్నారు. అంత తేలికైతే పోయిన రిమోట్ దొరికినవాడు అలారం ఆపేయడా? అసలు ప్యానెల్ రిమోట్‌ను ఎలా గుర్తుపడుతుంది?

జవాబు 1:
ఉన్న రిమోట్ విప్పి చిప్ మీద ఏం రాసుందో చూడండి. ఈవీ1527 అయితే ఫిక్స్‌డ్ కోడ్. 20 బిట్ల ఐడీ, 4 బిట్ల బటన్ సమాచారం, ఎన్నిసార్లు నొక్కినా అదే సిగ్నల్. రిమోట్‌ను జత చేయడానికి ప్యానెల్ మీది లెర్న్ బటన్ నొక్కినప్పుడు అది ఆ ఐడీని గుర్తుపెట్టుకుంటుంది, అంతే. షాపువాళ్లు కాపీ తీయగలిగేది అందుకే. గేటు బయట రిసీవర్‌తో నిలబడ్డవాడూ తీయగలడు. చిప్ మీద హెచ్‌సీఎస్301 అని ఉంటే రోలింగ్ కోడ్, అంటే నొక్కిన ప్రతిసారీ కోడ్ మారుతుంది, దానికి ఈ కాపీలు పనిచేయవు.

జవాబు 2:
రోలింగ్ కోడ్ గురించి కాస్త వివరంగా. హెచ్‌సీఎస్301 నొక్కిన ప్రతిసారీ 66 బిట్లు పంపుతుంది. సీరియల్ నంబర్ బయటికే కనిపిస్తుంది. ఎన్నిసార్లు నొక్కారో లెక్కపెట్టే 16 బిట్ల కౌంటర్ మాత్రం రహస్య కీతో మరుగుపరిచిన (ఎన్‌క్రిప్టెడ్) 32 బిట్ల భాగంలో ఉంటుంది. మామూలు లెర్న్‌లో ప్యానెల్ సీరియల్ నంబర్‌ను, తనలో ఉన్న తయారీదారు కీని కలిపి ఆ రిమోట్ కీని తానే లెక్కగడుతుంది. కీ గాల్లోకి రాదు. తర్వాత కౌంటర్ ముందుకు జరిగితేనే ఒప్పుకుంటుంది. తేడా 16 లోపుంటే వెంటనే పనిచేస్తుంది. పిల్లలు ఊరికే నొక్కి అంతకన్నా దాటిస్తే వరసగా రెండుసార్లు నొక్కాలి. రిమోట్ పాడైందని పారేసేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

అయినా ఇదీ పూర్తి రక్షణ కాదు. సిగ్నల్‌ను జామ్ చేసి, వాడని కోడ్‌ను పట్టి దాచుకునే పరికరాన్ని 2015లో సెక్యూరిటీ పరిశోధకుడు శామీ కామ్‌కార్ డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సదస్సులో చూపించారు. ప్యానెల్ ప్రతిసారీ కొత్త సంఖ్య పంపి, ఏఈఎస్-128 అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతితో జవాబు అడిగే టూ-వే రిమోట్లు దీనికన్నా నయం.

ప్రశ్న అడిగినవారు:
విప్పి చూశాను, ఈవీ1527.

జవాబు 1:
అయితే కాపీ వద్దు. పోయిన రిమోట్ ఐడీనే ముందు తీసేయాలి. విడిగా తీసే వీలు లేని ప్యానెల్‌లో మొత్తం చెరిపేయాలి. చాలావాటిలో లెర్న్ బటన్‌ను లైటు ఆరేదాకా నొక్కి పట్టుకోవడమే, మీ మాన్యువల్‌లో ఒకసారి చూసుకోండి. కొన్నింటిలో డోర్ సెన్సర్లు కూడా పోతాయి, ఏ జోన్‌లో ఏది ఉందో ముందే రాసిపెట్టుకోండి. మళ్లీ జత చేసేటప్పుడు రిమోట్‌ను ప్యానెల్‌కు ఆనించి నొక్కకండి. మరీ దగ్గరైతే రిసీవర్ తట్టుకోలేక కోడ్ తప్పుగా చదువుతుంది. ఒకటి రెండు మీటర్ల దూరం చాలు. బ్యాటరీ కొత్తది వేయండి.

రోలింగ్ రిమోట్ కొని ఇదే ప్యానెల్‌కు పెట్టాలనుకోకండి, రిసీవర్‌కు ఆ భాష రాదు. ప్యానెల్ మార్చేదాకా డిసార్మ్ (అలారం ఆపడం) కీప్యాడ్ పిన్‌తోనే చేయండి. మిగిలిన రిమోట్‌ను మళ్లీ జత చేయకుండా వదిలేస్తే ఇంకా మంచిది.