ట్రిమ్ ట్యాబ్ అలైన్‌మెంట్‌ని తెలుగులో ఏమనాలి?

విడిభాగాలు కొని సొంతంగా బిగించుకునే కిట్ విమానం కట్టుకునేవాళ్ల కోసం ఒక పాఠం తెలుగు చేస్తూ, 'ఎలివేటర్ ట్రిమ్ ట్యాబ్ అలైన్‌మెంట్' (విమానం తోకలోని చిన్న ట్యాబ్‌లను సరిగ్గా కుదర్చడం) దగ్గర ఆగిపోయామని నిన్న మన గ్రూపులో ఒక సభ్యులు అడిగారు. దానికి 'కత్తిరింపు పట్టీల అమరిక' అని జవాబు వచ్చింది, చాలామంది బాగుందన్నారు. దయచేసి ఆ మాట వాడకండి. ఇక్కడ ట్రిమ్ అంటే కత్తిరించడం కాదండీ, అది ఓడవాళ్ల మాట. సరుకు ముందుకీ వెనక్కీ సర్ది, ఓడ ఏ కొసనా ఎక్కువ మునగకుండా తూకంగా నిలబెట్టడం అన్నమాట. విమానాల్లోకీ అదే అర్థంతో వచ్చింది: పైలట్ స్టిక్‌ని పట్టుకుని లాగుతూనో నెడుతూనో ఉండనక్కర్లేకుండా ముక్కు దానంతటదే నిలవాలి.

మాట వెతికే ముందు వస్తువును చూడాలి. అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రంలోని వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్ల ఆర్‌వీ-10 అనే నాలుగు సీట్ల కిట్‌నే తీసుకుందాం. తోక దగ్గర అడ్డంగా కదలకుండా ఉండే పలక, దాని వెనక పైకీ కిందికీ ఆడే పలకలు, అవే ఎలివేటర్లు, ఆ ఎలివేటర్ల వెనక అంచున పియానో హింజ్ అనే పొడవాటి బందు మీద ఊగే చిన్న రేకు ముక్కలు, అవే ట్యాబ్‌లు. ట్యాబ్ కిందికి వంగితే గాలి ఎలివేటర్‌ని పైకి నెడుతుంది, దాంతో విమానం ముక్కు లేస్తుంది. అంటే ట్యాబ్ పోయే వైపుకి ఎదురు వైపు ఎలివేటర్ పోతుంది. మనం తలుపుకి రెక్క అంటాం, ఫ్యాన్‌కి రెక్క అంటాం, గొడుగుకీ పువ్వుకీ కూడా రెక్కే అంటాం కాబట్టి 'తూకపు రెక్క' అంటే నాకు బాగానే ఉంది, కానీ 'ట్రిమ్ ట్యాబ్' అని అలాగే ఉంచేసినా నష్టం లేదు, ఆ పనిచేసేవాడికి ఆ పేరే తెలుసు. అసలు గొడవంతా అలైన్‌మెంట్‌తోనే.

ఎందుకంటే ఆ ఒక్క మాట కింద రెండు వేరువేరు పనులున్నాయి. ముందు ఎలివేటర్‌ని దాని మధ్య స్థానంలో కదలకుండా క్లాంపుతో బిగిస్తారు. ట్యాబ్ వెనక అంచూ ఎలివేటర్ వెనక అంచూ ఒకే గీతలో ఉన్నాయా అని స్కేలు ఆనించి, పక్కనుంచి కన్ను పెట్టి చూస్తారు. మన వడ్రంగి అయినా తాపీమేస్త్రీ అయినా దీన్ని 'మట్టం చూడటం' అనే అంటాడు, ఇంకో మాట వెతకనే అక్కర్లేదు.

రెండో పని ఇంకా కష్టం. వాన్స్ వాళ్లదే ఇంకో కిట్ ఆర్‌వీ-7లో ట్యాబ్ ఎడమ ఎలివేటర్‌కి ఒక్కటే ఉంటుంది, ఆర్‌వీ-10లో రెండు వైపులా ఉంటాయి, ఆ రెండింటినీ ఒకే ఎలక్ట్రిక్ మోటారు రెండు కేబుళ్లతో కదుపుతుంది. మధ్యలో రెండూ చక్కగా మట్టంగా ఉన్నట్టే కనబడతాయి, మోటారుని ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిపితే మాత్రం ఒకటి కాస్త ఎక్కువ లేచి, రెండోది వెనకబడుతుంది. అప్పుడు కేబుల్ చివరి మరని లోపలికో బయటికో కొద్దికొద్దిగా తిప్పి, లాక్‌నట్ (మర వదులవకుండా పట్టి ఉంచే నట్టు) బిగించి, మళ్లీ మొత్తం నడిపి చూడాలి. మధ్యలో కుదిరితే చివర్లో తేడా, చివర్లో కుదిరితే మధ్యలో తేడా. ఇది మట్టం కాదు, జోడు కుదర్చడం. కాడికి కట్టిన రెండెడ్లు సమంగా అడుగేయాలన్నట్టే ఇదీ. 'సమలేఖనం' ఎందుకు కాదని ఒకరు అడిగారు. కంప్యూటర్‌లో అక్షరాలని ఒక పక్కకి సర్దడానికి ఆ మాట వాడుతున్నారు, అక్కడ సరిపోతుంది. రెంచీ పట్టుకుని తోక కింద కూర్చున్నవాడికి ఆ మాట ఏం చెయ్యాలో చెప్పదు.

ఇంకొకటి కూడా ఆ పాఠంలో తప్పకుండా ఉండాలి. మట్టం, జోడు రెండూ కుదిరాక ట్యాబ్ కొసని వేళ్లతో పట్టి మెల్లగా పైకీ కిందికీ కదపాలి, టకటక ఆడితే ఎక్కడో వదులుందన్నమాట. మెకానిక్కులు 'ప్లే ఉంది' అంటారు, 'వదులు' అన్నా ఎవరికైనా అర్థమవుతుంది. ఇది చిన్న విషయం కాదండీ. 2011 సెప్టెంబరు 16న అమెరికాలో రీనో విమాన పందేల్లో ఒక పీ-51 మస్టాంగ్ కూలి పైలట్‌తో పాటు చూడ్డానికి వచ్చిన 10 మంది చనిపోయారు. అది కిట్ విమానం కాదు, పందేల కోసం బాగా మార్చిన పాత యుద్ధ విమానం. అరిగిపోయిన పాత లాక్‌నట్ల పట్టు సడలి, ఎడమ ట్రిమ్ ట్యాబ్ స్క్రూలు వదులై, ఆ వేగానికి ట్యాబ్ విపరీతంగా అదిరి విరిగిందని దర్యాప్తులో తేలింది. అందుకే ఈ పాఠంలో మాట అందంగా ఉందా లేదా అన్నది తర్వాత సంగతి, చదివినవాడి చెయ్యి సరైన చోటికి పోవాలి.

కాబట్టి నా సూచన: 'అలైన్ చేయండి' అని మూలంలో ఉన్న ప్రతిచోటా ఒకే మాట పెట్టకండి. ఏ పని చెబుతున్నారో చూసి ఒకచోట 'మట్టం చూడండి', ఇంకోచోట 'జోడు కుదర్చండి' అని రాయండి.

ఈ గ్రూపులో వడ్రంగం తెలిసిన ఇళ్లవాళ్లు ఉంటే ఒకటి చెప్పండి. రెండు తలుపు రెక్కలు మూసినప్పుడు ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ ఉంటే మీ వైపు దాన్ని ఏమంటారు? అంతకన్నా మంచి మాట దొరికితే 'జోడు' తీసేసి అదే పెట్టుకుందాం.