67 ఏషియా అనే గ్రహశకలానికి ఆ పేరెలా వచ్చింది?

ఆమదాలవలస కుర్రాడు: మా చెల్లి స్కూల్ క్విజ్‌కి ప్రిపేర్ అవుతోంది. గ్రహశకలాలకి గ్రీకు దేవతల పేర్లు పెడతారని చదివాం, మరి ఈ ఒక్కదానికి మన ఖండం పేరేంటి? ఎవరికైనా తెలిస్తే చెప్పండి, రేపే క్విజ్, ఒకటే టెన్షన్.

రిటైర్డ్ సైన్స్ మాస్టారు, విజయనగరం: తమ్ముడూ, అదీ గ్రీకు పేరే. ఏషియా అని వాళ్ల పురాణాల్లో ఒక దేవత ఉంది. కానీ అసలు కారణం వేరే. నార్మన్ పోగ్సన్ అనే ఇంగ్లిషాయన మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేస్తూ 1861 ఏప్రిల్ 17న దీన్ని పట్టుకున్నాడు, ఆసియా గడ్డ మీంచి కనిపెట్టిన మొదటి గ్రహశకలం ఇదే, అందుకని ఆ పేరు రెండు విధాలా కుదిరింది. అప్పట్లో ఆకాశాన్ని ఫొటో తీసి గ్రహశకలాల్ని వెతికే పద్ధతి లేదు, నక్షత్ర పటం ముందు పెట్టుకుని ఆకాశంలో చుక్కలన్నీ సరిచూడాలి, పటంలో లేని చుక్క కనిపించి, మర్నాటికి అది పక్కకి జరిగితే దొరికినట్టే. ఎంత ఓపికండీ బాబూ!

పలాస పిన్ని: మనూళ్లు కూడా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే కదా మాస్టారూ, కాస్త మనదే అనుకుందాం. ఇది మామూలు కంటికి కనబడుతుందా?

రిటైర్డ్ సైన్స్ మాస్టారు, విజయనగరం: లేదమ్మా, టెలిస్కోప్ ఉండాల్సిందే. అంగారకుడికీ గురుడికీ మధ్య తిరుగుతుంది, సూర్యుణ్ణి ఒకసారి చుట్టడానికి దాదాపు 3.8 ఏళ్లు. తమ్ముడూ, పోగ్సన్ 1864లో సాఫో, 1866లో సిల్వియా కూడా మద్రాసు నుంచే కనిపెట్టాడు, అవీ అడగొచ్చు, రాసిపెట్టుకోమను.