మొలక శాతం పరీక్ష: ప్రామాణిక దోషానికి ఏ అనుపాతం?

ప్రశ్న (అమలాపురం): వరి విత్తనాలకు ధ్రువీకరణ ప్రమాణం ప్రకారం కనీస మొలక 80 శాతం ఉండవలసి ఉండగా, సార్వా నారుమడికి ముందు తడి గోనెగుడ్డలో చుట్టి చూసిన 200 గింజల్లో 150 మాత్రమే మొలకెత్తాయి. ప్రామాణిక దోషానికి (నమూనా శాతం యాదృచ్ఛికంగా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలతకు) ప్రమాణమైన 0.80 వాడాలా, నమూనాలో వచ్చిన 0.75 వాడాలా?

జవాబు (తణుకు): 0.80 వాడాలండి. శూన్య పరికల్పన (అంటే అసలు మొలక 80 శాతమే అన్న ఊహ) నిజమనుకునే కదా పరీక్ష మొదలుపెడతాం; కాబట్టి 0.80×0.20ని 200తో భాగించి వర్గమూలం తీస్తే 0.0283, దానితో జెడ్ విలువ (తేడా ఎన్ని ప్రామాణిక దోషాలంత ఉందో చెప్పేది) −1.77 వస్తాయి. ఎడమవైపు పరీక్షలో (మొలక 80 శాతం కంటే తక్కువా అని మాత్రమే చూసేదానిలో) 5 శాతం సార్థకతా స్థాయికి (నిజమైన పరికల్పనను పొరపాటున తిరస్కరించే అవకాశానికి) హద్దు −1.645 గనుక పరికల్పనను తిరస్కరించవచ్చు. 0.75 వేస్తే −1.63 వచ్చి తీర్పే తారుమారవుతుంది. అది విశ్వాస అంతరానికి (అసలు శాతం ఉండగల పరిధిని అంచనా వేయడానికి) వాడే లెక్క.

జవాబు (నరసాపురం): రెండువైపుల పరీక్షలో (80 శాతం కంటే తక్కువైనా ఎక్కువైనా చూసేదానిలో) హద్దు ±1.96 కనుక తిరస్కరించలేరు. ఏ వైపో గింజలు లెక్కపెట్టక ముందే నిర్ణయించుకోవాలి.

జవాబు (భీమవరం): లెక్క సరే గాని, గింజలన్నీ ఒకే బస్తా పైభాగం నుంచి తీసినవైతే అది యాదృచ్ఛిక నమూనా కాదండి. అన్ని బస్తాల్లోనూ, అడుగు నుంచి కూడా తీశారా?