పదకొండేళ్ల కిందట ముంచిన చీటీ డబ్బు తిరిగి ఇవ్వాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

బాకీదారు (ప్రశ్న):

2014లో మల్కాజిగిరిలో మా వీధివాళ్లతో ఒక చీటీ నడిపాను. ఇరవై మంది, ఇరవై నెలలు, నెలకు 10,000 రూపాయలు, రెండు లక్షల చీటీ. రిజిస్ట్రేషన్ ఏమీ లేదు. లెక్కలు రాసే ఉద్యోగం చేస్తాననీ, అంతకుముందు రెండు చీటీలు సక్రమంగా ముగించాననీ జనం నన్ను నమ్మారు. పన్నెండో నెల దాకా ఎవరి డబ్బు వారికి ముట్టజెప్పాను. పదమూడు, పద్నాలుగు నెలల వసూళ్లను మాత్రం, పాడుకున్న ఇద్దరికీ ‘వచ్చే వారం’ అని చెబుతూ, శివార్లలో ప్రీ లాంచ్ ధరకు వస్తుందన్న ప్లాటుకు అడ్వాన్సుగా కట్టాను. రెండు నెలల్లో అమ్మేసి ఎవరికీ తెలియకుండా సర్దేయవచ్చనుకున్నాను. ఆ వెంచరు లేవనే లేదు. పదిహేనో పాటకు ముందు రోజు రాత్రి ఇంటికి తాళం వేసి, భార్యాబిడ్డలతో పుణె వెళ్లిపోయాను.

అప్పటికి చీటీ ఎత్తనివారు ఎనిమిది మంది. పాట తగ్గింపులు పోను ఒక్కొక్కరు కట్టినది సుమారు 1,20,000 రూపాయలు. వారిలో ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆమె ఒకరు, ఆర్టీసీలో పనిచేసి రిటైరైన కండక్టరు ఒకరు; ఆయన చనిపోయారని తరువాత తెలిసింది.

నిరుడు తిరిగి హైదరాబాద్ వచ్చి మియాపూర్‌లో ఉంటున్నాను. మెట్రోలో మల్కాజిగిరి దగ్గరి మెట్టుగూడ స్టేషన్ వస్తే ఇప్పటికీ తల వంచుకుంటాను. మొన్న మా అబ్బాయి, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, ‘నాన్నా, ఆఫీసులో చీటీ వేస్తున్నారు, చేరనా?’ అని అడిగితే జవాబు చెప్పలేక బాల్కనీలోకి వెళ్లాను. నా దగ్గర పది లక్షల దాకా ఉన్నాయి. నేను వాడుకున్నది నాలుగు లక్షలే అయినా, ఎనిమిది మందికి పోయినది 9,60,000. ఎవరికి, ఎంత, ఏ విధంగా ఇవ్వాలి? వారిని క్షమాపణ ఎలా అడగాలి?

నల్లకోటు:

ముందుగా చట్టం సంగతి చెబుతాను. డబ్బు రాబట్టుకోవడానికి సివిల్ దావా వేసే గడువు సాధారణంగా మూడేళ్లు కాబట్టి, వారికి ఆ దారి ఎప్పుడో మూసుకుపోయింది. కానీ కాంట్రాక్టు చట్టం 25(3) ప్రకారం, గడువు దాటిన బాకీని తీరుస్తానని మీరు కాగితం మీద రాసి సంతకం చేస్తే ఆ మాట చెల్లుతుంది, ఆ కాగితంతో వారు కోర్టుకు వెళ్లవచ్చు. మీ ఉద్దేశం నిజమైనదైతే ముందు అది రాసి ఇవ్వండి.

క్రిమినల్ సంగతి వేరు. ఇది 2014 నాటి వ్యవహారం గనుక పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది. మోసానికి చెప్పిన 420 సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉన్నందువల్ల దానికి కాలపరిమితి అడ్డు రాదు, అయితే మొదటి నుంచీ మోసపు ఉద్దేశం ఉందని రుజువు కావాలి. కోర్టు అనుమతితో ఆ కేసులో రాజీ పడవచ్చు. అందుచేత గడప తొక్కేముందు ఒక వకీలును కలిసి, ఏది రాయాలో ఏది రాయకూడదో తెలుసుకోండి.

చనిపోయిన కండక్టరు గారి వాటా ఒక్క కొడుకు చేతిలో పెట్టి వచ్చేయకండి. వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకూ, కొడుకులకూ, కూతుళ్లకూ, బతికి ఉంటే ఆయన తల్లికీ సమాన హక్కు ఉంటుంది. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం కోసం ఆ కుటుంబమే మీసేవలో దరఖాస్తు చేసుకోవాలి.

చీటీ పుస్తకం:

మా అమ్మ కూడా ఇలాగే మునిగింది. వేరే వీధి, వేరే మనిషి. అందుకే కొంత కటువుగా రాస్తున్నాను, మన్నించండి. నాలుగు లక్షలే వాడుకున్నానని మీరు రాసిన వాక్యం దగ్గర నాకు చదవడం ఆగిపోయింది. మీరు పారిపోయాక, అప్పటికే చీటీ ఎత్తినవారు మిగతా నెలలు కట్టడం మానేసి ఉంటారు. అన్నిచోట్లా జరిగేది అదే. ఆ లాభం వారికి మీ వల్లే వచ్చింది, నష్టం ఈ ఎనిమిది మందికి వచ్చింది. ఇప్పుడు వెళ్లి వారిని అడిగితే పాత తగవు కొత్తగా రగులుతుందే తప్ప రూపాయి రాలదు. మొత్తం మీదే అనుకోండి.

మా అమ్మ ఇనుప బీరువాలో, పట్టుచీరల కింద, ఆ చీటీ పుస్తకం ఇప్పటికీ ఉంది. నెలనెలా ఆయన పెట్టిన పొడి సంతకాలు నీలం సిరాతో ఉంటాయి, చివరి రెండు మాత్రం ఎరుపు. డబ్బు కంటే ఆమె ఎక్కువగా అడిగేది ఆ చివరి రెండింటి గురించే: సంతకం పెట్టేటప్పుడు అతనికి తెలుసా, తెలియదా? మీ వాళ్లూ అదే అడుగుతారు. ఆ రోజుకు తెలుసునని చెప్పే ధైర్యం ఉంటేనే వెళ్లండి. మిఠాయి డబ్బాతో వెళ్లకండి, పండగ పూట వెళ్లకండి, మధ్యవర్తిగా పెద్దమనిషిని వెంటబెట్టుకుని అసలే వెళ్లకండి; నలుగురి ముందు ‘పోనీలే’ అనిపించుకోవడం కూడా ఒక రకమైన వసూలే.

ఎంత ఇవ్వాలన్న దానికి నా లెక్క ఇది. డిక్రీ ఇచ్చాక సాధారణ బాకీల మీద కోర్టు వేసే వడ్డీ ఏడాదికి 6 శాతం మించదు. ఆ 6 శాతమే బారువడ్డీగా పదకొండేళ్లకు వేసినా 1,20,000 కాస్తా 1,99,200 అవుతుంది, అంటే దాదాపు ఆనాటి చీటీ మొత్తమే. ఇదైనా తక్కువే, అప్పట్లో ఆ డబ్బుకు నాలుగు తులాల బంగారం వచ్చేది. అసలు ఇప్పుడు ఇచ్చి, వడ్డీకి నెలవారీ గడువు రాసి ఇవ్వండి.

సనత్‌నగర్ వాసి:

ఇంత హంగామా అవసరమా? బ్యాంకు ఖాతా నంబర్లు కనుక్కుని డబ్బు వేసేస్తే సరిపోతుంది. ముఖం చూపిస్తే పాత కోపాలు లేస్తాయి.

గోల్కొండ తాత:

సనత్‌నగర్ వారూ, అలా వేస్తే అది దానం అవుతుంది, బాకీ తీరినట్టు కాదు. మనవలను కోటకు తీసుకెళ్లినప్పుడల్లా రామదాసు బందీఖానా దగ్గర నేను ఆగి చెప్పే ముక్క ఒకటుంది. పాల్వంచ తహసీల్దారుగా ఉన్న గోపన్న సర్కారు సొమ్ము భద్రాచలం గుడికి ఖర్చు పెట్టాడు, తానీషా చెరసాలలో పెట్టించాడు. కథలో రాముడే దిగివచ్చినా ‘మా వాడు భక్తుడు, వదిలెయ్యి’ అని సిఫారసు చేయలేదు. ఆరు లక్షల మొహరీలు లెక్కపెట్టి ఇచ్చి, రసీదు అడిగి పుచ్చుకున్నాడు. మీరు కూడా క్షమాపణ మాట పక్కన పెట్టి రసీదు పుచ్చుకోండి. క్షమించడం, మానడం వారి ఇష్టం.

బాకీదారు:

వకీలును కలిశాను. ఆయన చూసి దిద్దిన కాగితం తీసుకుని, నిన్న ఆదివారం మొదట ఇస్త్రీ బండి ఆమె దగ్గరికే వెళ్లాను. బండి అదే చింతచెట్టు కింద ఉంది. కొడుకు ఇస్త్రీ చేస్తున్నాడు, ఆమె స్టూలు మీద కూర్చుని బట్టలు మడత పెడుతోంది. నన్ను గుర్తుపట్టడానికి ఆమెకు ఒక్క క్షణమైనా పట్టలేదు. ‘ఏడికి వోయినవ్ సారూ, గిన్నేండ్లు?’ అన్నది. బిడ్డ పెళ్లికి ఆ చీటీ పాడుదామనుకున్నదట. పెళ్లికి అప్పు తెచ్చి, ఆరేళ్లు తీర్చిందట. పద్నాలుగో నెల సంతకం పెట్టినప్పుడు నాకు తెలుసునని చెప్పాను. ఆమె కొడుకు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి నా వైపు చూశాడు కానీ ఏమీ అనలేదు.

డబ్బు కొడుకు ఖాతాలో పడిందని ఫోనులో చూపించుకున్నాక, ఆమె ఇంట్లోకి వెళ్లి చీటీ పుస్తకం తెచ్చింది. పద్నాలుగు వరుసల్లో నా సంతకాలు ఉన్నాయి. పదిహేనో వరుసలో తేదీ వేయించి, అసలు 1,20,000 అని నాచేతనే రాయించి, పక్కన ‘ముట్టింది’ అని కొడుకుచేత రాయించి తాను వేలిముద్ర వేసింది. మిగిలిన అయిదు వరుసల్లో వడ్డీ వాయిదాలు రాస్తానని చెప్పి, పుస్తకం తిరిగి తీసుకుని, మళ్లీ మడతలు పెట్టడం మొదలుపెట్టింది. కూర్చోమనలేదు.

వచ్చే ఆదివారం భువనగిరి దగ్గర ఉంటున్న కండక్టరు గారి భార్య దగ్గరికి వెళ్లాలి. నల్లకోటు గారూ, ఆయన పోయేనాటికి మల్కాజిగిరిలోనే ఉన్నారు. అటువంటప్పుడు ఆ పత్రానికి ఆమె ఏ తహసీల్దారు పరిధిలో దరఖాస్తు పెట్టుకోవాలి? మీసేవ రుసుము, రానుపోను ఛార్జీలు నేను పెట్టుకోవచ్చునా?